సబ్బు జోలె

మా ఇంట్లో బట్టల సబ్బుకి చావు ఉండేది కాదు. అరిగి అరిగి చేతిలో నిలవనంత పలచబడ్డాక మా ఆవిడ ఆ ముక్కని ఒక సాక్సులో వేసి, ముడేసి, నూతి దగ్గర మేకుకి తగిలించేది. పెళ్లికి అత్తవారు బూట్లతో పాటు పెట్టిన సాక్సు అది. నేను ఒక్కసారే తొడిగాను. దానికి సబ్బు జోలె అని పేరు పెట్టింది కూడా నేనే. నా సైకిలూ, నూతి గచ్చూ, పిల్లదాని స్కూలు బూట్లూ అన్నీ దాంతోనే తోమేది. బట్టలు ఉతికిన నీళ్లయినా పారబోయనిచ్చేది కాదు, అరుగు కడగాల్సిందే.

"నన్నూ ఓసారి ఆ జోలెతో రుద్దెయ్యరాదా?" అనేవాణ్ణి.

"మీకు సబ్బు చాలదండి. చింతపండు పెట్టాలి."

ముసురు పట్టిందంటే మా వీధి తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేసేది. నేను భుజంతో గుద్దుతుంటే ఆవిడ తీరిగ్గా ఎండిన సబ్బు ముక్క తెచ్చి, తలుపు అంచున పైనుంచి కిందికి రాసేది. ఆ తర్వాత వేలితో తోసినా కదిలేది.

"ఏడో క్లాసుతో చదువు మానేసినవాళ్లకి భుజమే తెలుసు లెండి."

"నువ్వు అయిదే కదా?"

"అందుకే నాకు బుర్ర మిగిలింది."

ఆవిడ పోయాక, తునిలో ఉండే మా అమ్మాయి వాషింగ్ మిషను కొనిపెట్టింది. అందులో పొయ్యడానికి లిక్విడ్డు. బట్టలు తెల్లగానే వస్తున్నాయి, కాదనను. కానీ లిక్విడ్డుకి ముక్కలు మిగలవు. జోలెలో ఉన్నవి పొదుపుగా వాడుకొచ్చాను. ఈ ముసురుకి అవీ అయిపోయాయి. తలుపు పట్టేసింది.

చూడ్డానికొచ్చిన అమ్మాయి, "వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించెయ్ నాన్నా," అంది.

చిత్రిక పడితే అంచు పోతుంది. ఆవిడ ఇన్నేళ్లూ రాసిన సబ్బు ఆ చెక్కలో ఇంకి ఉంది. వేలు పెడితే ఇప్పటికీ నున్నగా తగులుతుంది. దాన్ని పొట్టు చేసి ఊడ్చెయ్యడం నా వల్ల కాదు.

కొట్టుకెళ్లి బట్టల సబ్బు కొనుక్కొచ్చాను. కొత్త బిళ్లని తలుపుకి రాస్తే ఆవిడ ఒప్పుకోదు. ముందు బట్టలకి, అరిగాకే తలుపుకి. మర్నాడు నూతి దగ్గర బండ మీద లుంగీ రుద్దుతుంటే అమ్మాయి చూసింది.

"మిషనుండగా ఇదేంటి నాన్నా?"

"ముక్క తయారుచేస్తున్నానమ్మా."

ఇద్దరి బట్టలున్నప్పుడు సబ్బు ఇట్టే అరిగిపోయేది. ఒక్కడి లుంగీకి అరగడం లేదు. అందాకా మా ఇంటికొచ్చేవాళ్లు పెరటి వైపు నుంచి రావాలండి.