దసరా దాకా శని

హనుమకొండలో మా మేనకోడలు చదివిన ఇంటర్ కాలేజీకి ఒక ఆచారం ఉంది. వారం వారం పరీక్ష, మర్నాడే సెక్షన్ల మార్పు. మార్కులు తగ్గిన పిల్లలు తమ పరుపు, పెట్టె తామే మోసుకుని, అందరూ చూస్తుండగా హాస్టల్ కింది అంతస్తుకు దిగాలి. మార్కులు పెరిగినవాళ్ళు అవే మెట్లమీద ఎదురెక్కుతారు. కులవివక్ష మీద ఉపన్యసించమని నన్ను పిలిచిన ప్రిన్సిపాలే ఆ మెట్లు గర్వంగా చూపించాడు.

"సిగ్గు పడితెనే చదువుతరు సార్. దీన్నే మోటివేషన్ అంటరు."

రెండోసారి దిగినప్పటినుంచి పిల్లకు అన్నం సహించలేదు. పరీక్షలో వేళ్ళు కొంకర్లు పోయేవి. ఔటింగ్ ఇచ్చిన రోజు పాలంపేట దగ్గరి ఊరినుంచి పిల్లను చూడ్డానికి మా చెల్లె, బావ హనుమకొండలోనే ఉన్న మా ఇంటికి వచ్చారు. చెల్లె టిఫిన్ క్యారియర్ మూత తీసిందో లేదో, పిల్ల బాత్‌రూమ్‌కు పరుగెత్తింది.

"దిష్టి తగిలిందన్నా. ఊరంత దీన్ని ఇప్పటిసంది డాక్టరమ్మా అని పిలుస్తాండ్లు."

"దిష్టి కాదు, ఆ పరుపు మోత తగిలింది. దవాఖానకు తీస్కపోదాం. ఆ హాస్టల్ మాన్పియ్యుండ్రి."

"ఏ దవాఖాన? పిచ్చి దవాఖాననా?" అన్నాడు బావ. "మీటింగుల మాట్లాడినట్టు మాట్లాడకు బావా. అందరి పిల్లలు మోస్తలేరా?"

సభల్లో స్వాములను నిలదీసినవాణ్ణి. ఆ మధ్యాహ్నమంతా వాదించి ఓడిపోయాను. అందరి పిల్లలూ మోస్తున్నారన్న ఒక్క మాట మీద ఆ కాలేజీ నాలుగంతస్తులూ నిలబడి ఉన్నాయి. పిల్ల మాత్రం దుప్పటి అంచు పీకుతూ కూర్చుంది.

తరువాతి ఔటింగ్‌కు పిల్లను వరంగల్ బజారులో జాతకాల పంతులు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పిల్ల వేళ్ళ వంక కాసేపు చూశాడట.

"శని నడుస్తాంది. ఆ బిల్డింగు ఈమెకు అచ్చిరాదు. దసరా దాక ఇంటికాడ ఉంచుండ్రి."

ఆ సాయంత్రమే బావ ఆటో మాట్లాడి పరుపు, పెట్టె దింపించాడు. కన్నబిడ్డ వాంతులు నమ్మని మనిషి, ఎక్కడో ఆకాశంలో తిరిగే గ్రహాన్ని నమ్మాడు.

ఊళ్ళో పిల్ల తిన్నది, నిద్రపోయింది. అది గ్రహశాంతి ఫలితం కాదు. పొద్దున లేస్తే దిగాల్సిన మెట్లు లేవు, అంతే. పిల్లలు ఒత్తిడిని తట్టుకోవడానికి ధ్యానం నేర్పమని సభల్లో పెద్దలు సలహాలిస్తారు. పిల్లల నెత్తిమీది పరుపు దించమని ఒక్కడూ అనడు.

తంగేడు పూసింది, దసరా దగ్గరపడింది. బావ పెట్టెకు కొత్త తాళం కొన్నాడు. నేను ఊరికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పిల్ల బస్సుదాకా వచ్చింది.

"మామా, ఒకటి అడుగుత. తిట్టొద్దు."

"అడుగు బిడ్డా."

"దసర అయినంక గూడ శని ఉన్నదని ఆ పంతులుతోని చెప్పియ్యవా?"

మర్నాడు ఆ పంతులు వాకిట్లో చెప్పులు విడిచి, వరుసలో కూర్చున్నాను. ఒకప్పుడు బహిరంగ సభలో నేను సవాలు చేసిన మనిషే. గుర్తుపట్టి నవ్వాడు.

"సార్! మీకు గూడ పట్టిందా శని?"

ఆ ఎత్తిపొడుపు మింగి, విషయమంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"ఎన్నడి దాక ఉంచుమంటరు?"

"పిల్ల చదువు అయిపోయేదాకా."

"ఇంటి దగ్గర్ల సర్కారు కాలేజి ఉన్నదా?"

"ఉంది."

"అయితే దానికి శని అడ్డం రాడు. మీ బావను పంపుండ్రి. మీరు వచ్చిపోయిండ్రని మాత్రం చెప్పకుండ్రి సార్. నమ్మడు."

చెప్పలేదు. అమ్మాయి ఇప్పుడు ఊరినుంచే బస్సులో సర్కారు కాలేజీకి పోతోంది. హనుమకొండలో ఆ మెట్లమీద ఇంకా పిల్లలు పరుపులు మోస్తూనే ఉన్నారు. అంతమందికి శనిని ఎక్కణ్ణుంచి తేను?