మెతుకులు పట్టే లేసు

మా పిన్నికి యాభై ఏళ్ళుగా ఒకటే సందేహం. పెళ్ళయి నరసాపురం పక్క పల్లెకి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ లేసు అల్లుతోంది. అల్లేది పువ్వులే. అరచేతంత పువ్వులు డజన్లకొద్దీ అల్లి ఇస్తే ఏజెంటు పట్టుకుపోతాడు. ఇంకెక్కడో ఇంకెవరో వాటిని కలిపి టేబుల్ గుడ్డ చేస్తారు, అది ఓడెక్కి పైదేశాలకి వెళ్ళిపోతుంది. బల్ల మీద పరిస్తే ఎలా ఉంటుందో పిన్ని ఎన్నడూ చూడలేదు.

"అన్ని కంతలుంటాయి కదరా, మెతుకులు పడవా?" అని అడిగేది నన్ను.

తెలియదని చెప్పడం నాకు చేతకాదు. అక్కడ ఇంటికో బుల్లిపిట్టని పెంచుతారనీ, భోజనాలయ్యాక గుడ్డ మీద వదిలితే కంతకో మెతుకు చొప్పున ఏరుకు తింటుందనీ చెప్పాను. పిన్ని నమ్మలేదు. కానీ పిట్ట రంగేమిటని అడిగింది.

మొన్న వేసవిలో ఆవిడ మనవరాలి పెళ్ళయింది. మర్నాడు మధ్యాహ్నం రిసెప్షన్, బల్లల అలంకరణ నా నెత్తిన పడింది. రాజమండ్రిలో పెద్ద హోటళ్ళవాళ్ళు నన్నడక్కుండా పువ్వు గుచ్చరని ఎప్పుడో కోసిన కోతల ఫలితం. కడియం నుంచి తెచ్చిన చామంతులు గాజుగ్లాసుల్లో సర్దుతుంటే పిన్ని మూటొకటి పట్టుకొచ్చింది. రెండేళ్ళు తీరిక చేసుకుని పువ్వులు అల్లి, తనే కలిపిన నిలువెత్తు లేసు గుడ్డ.

"వియ్యాలవారి బల్ల మీద వెయ్యరా. ఒక్క బంతి భోజనాలు చూస్తాను."

మరకలవుతాయన్నాను. అవనీ అంది.

కింద నీలం గుడ్డ పరిచి దానిమీద వేశాను. ఎండపొడలు పడ్డ కాలవలా ఉంది బల్ల. పిన్ని చుట్టూ రెండుసార్లు తిరిగింది, ముట్టుకోలేదు. ఈలోగా వడ్డన మేస్త్రి వచ్చి దానిమీద తెల్లకాగితం చుట్ట దొర్లించేశాడు. అడ్డుపడితే అతని బాధ అతను చెప్పాడు. బంతి లేవగానే కాగితం ఒక కొసనుంచి ఆకులతో సహా చుట్టేసి తొట్టిలో పడేస్తారు, కాగితం లేకపోతే ఆకులు తీసేదెలాగండీ అని. వియ్యాలవారికి కాగితం మీద తింటే అరగదనీ, తాతలనాటి ఆచారమనీ చెప్పాను. పాపం, నమ్మి తీసేశాడు.

పెళ్ళికొడుకు తండ్రి నిడదవోలు మనిషి, నెమ్మదస్తుడు. కూర్చున్నాడు గానీ చేతులు ఒళ్ళోంచి తియ్యడు.

"ఇంత పనితనం మీద పులుసు ఎలా పోయించుకోమంటారండీ?"

"పోయించుకోండి బావగారూ. అల్లినావిడ చూడాలంట."

వెనక నిలబడ్డ పిన్ని ఆయన్ని చూడటంలేదు. ఆకుకీ ఆకుకీ మధ్య సందు చూస్తోంది. ఆయన పులిహోర కలుపుతుంటే ఓ మెతుకు ఆకు దాటి పడింది. పిన్ని మెడ ముందుకు సాగింది.

బంతి లేచింది. నేను కిళ్ళీల దగ్గర ఎవరికో పులస చేప కథ చెబుతున్నాను. మేస్త్రి కాగితమైతే తీశాడు గానీ, అతని మనుషుల చేతులకున్న అలవాటు తియ్యలేదు కదా. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఆకులు, పులుసు, లేసు, నీలం గుడ్డ అన్నీ కలిపి చాపలా చుట్టేసి తొట్టివైపు నడిచారు. మోకాళ్ళ నొప్పులతో రెండు మెట్లెక్కడానికి మూడుచోట్ల ఆగే మా పిన్ని వాళ్ళకంటే ముందు తొట్టి దగ్గరుంది.

"ఆ చుట్ట ఇలా ఇవ్వండి నాయనా" అంది, మెల్లిగానే.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి కుళాయి దగ్గర గచ్చు మీద గుడ్డ విప్పి, ఆకులన్నీ పక్కకి తీసి, వొంగి కూర్చునుంది. మేస్త్రి నాలిక్కరుచుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికొచ్చిన వియ్యంకుడు ఆవిడ ఏడుస్తోందనుకుని కడుక్కోకుండా నిలబడిపోయాడు. నేనూ అలాగే అనుకున్నాను. నా అబద్ధం ఎంత పని చేసిందా అని మొదటిసారి అనిపించింది.

పిన్ని తలెత్తింది. వేలి చివర ఓ పచ్చటి మెతుకుంది.

"చిన్న కంతల్లో ఏం లేవురా. అన్నీ పువ్వు మధ్యలో పెద్దదాన్లోనే పడుతున్నాయి."

గుడ్డ నాలుగు ఉతుకులకి తెల్లబడింది, ఒక్క మూల పసుపు తప్ప. ఆ మూల ఉతకొద్దంది. ఆ తర్వాత నుంచీ ఆవిడ అల్లే పువ్వుల్లో నడిమి కంత ఓ చుట్టు బిగిసింది. ఏజెంటు ఇంకా కనిపెట్టలేదు. అక్కడి పిట్టలన్నీ పస్తులుంటున్నాయని నేను చెబుతున్నాను. ఈసారి పిన్ని పిట్ట రంగు కూడా అడగలేదు.