నాయిన కారు, మూడు సంతకాలు

నాయిన పోయిన పదకొండో నెలలో, ఒక ఆదివారం పొద్దున, తమ్ముడు మా గుమ్మం ముందు నిలబడి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు.

"అక్కా, నాయిన గాడి షెడ్డుల బంద్ పెట్టాలె. ఎట్ల పెడ్తరో నీకే మాలూం. జర వస్తవా?"

నేను ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. "అన్న గూడ వస్తుండా?" అన్నాను.

"రాకుంటె ఎట్ల? ఆయన లేంది నేను ముట్టద్దు, నేను లేంది ఆయన ముట్టద్దు. పెద్దమనుషులు గట్లనే చెప్పిండ్రు."

చాట పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను. పొగాకు వాసన కడిగితే పోయేది కాదు, అయినా కడుక్కుని బయలుదేరాను.

దాజీ పేట్‌లో నాయినకు తువ్వాళ్ళు నేసే చిన్న కార్ఖానా ఉండేది. మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ పేట మాది. మిల్లు మూతపడి ఊరు విడిచి వెళ్తున్న ఒక మేనేజరు దగ్గర ఆయన పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. మీగడ రంగు కారు. ఆ రోజుల్లో మా గల్లీలో నేతగాడికి కారేంటని అందరూ నవ్వారు. నాయిన పట్టించుకోలేదు. నూలుకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అందులోనే. ఆయన పోయాక ఇల్లు, షెడ్డు, మరమగ్గాలు పంచుకోవడానికి అన్నకూ తమ్ముడికీ రెండు రోజులు పట్టలేదు. కారు దగ్గరే తగువు వచ్చింది. పెద్దకొడుకును కాబట్టి నాదే అన్నాడు అన్న. చివరిదాకా నాయినను చూసుకున్నది నేను అన్నాడు తమ్ముడు. మాట మీద మాట పెరిగి, ఒకరినొకరు తోసుకునేదాకా వెళ్ళింది. అన్న ఊరి అవతల హోట్గి రోడ్‌కు మకాం మార్చేశాడు. చివరికి కులపెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు: ఇద్దరూ ఒక మాటకు వచ్చేదాకా కారును ఎవరూ నడపొద్దు, ఎవరూ అమ్మొద్దు, షెడ్డులో పెట్టి చెరో తాళం వేసుకోవాలి.

ఆ పంచాయితీలో అందరికీ చాయ్ పోసింది నేనే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నిజం చెప్పాలంటే, నన్ను అడగాలన్న సంగతి నాకూ తట్టలేదు.

ఆ కారు సంగతి మా ఇంట్లో నాయిన తర్వాత తెలిసింది నాకే. నాకు పన్నెండేళ్ళప్పుడు ఇంజను వెనక సందులో ఒక నట్టు పడిపోయింది. ఆయన చేయి దూరలేదు. "బిడ్డా, నీ చెయ్యి సన్నగున్నది, జర లోపలికి పెట్టు" అన్నాడు. అక్కడినుంచి ప్రతి ఆదివారం నేను పానాలు అందించాను, తర్వాత నేనే పానా పట్టాను. కార్బురేటర్ విప్పి కడిగి మళ్ళీ బిగించడం పదిహేనేళ్ళకే వచ్చింది. అన్నదమ్ములు మగ్గాల దగ్గర ఉండేవాళ్ళు, వాళ్ళకు తీరిక లేదు. మూతపడిన మిల్లు వెనక ఖాళీ జాగాలో నాయిన నాకు నాలుగు ఆదివారాలు నడపడం నేర్పాడు. ఐదో ఆదివారం అమ్మ వచ్చి కారుకు అడ్డం నిలబడింది. సంబంధాలు చూస్తున్నాం, పిల్ల మోటరు నడుపుతుందని తెలిస్తే ఎవరు చేసుకుంటారని ఏడ్చింది. నాయిన దిగి నన్నూ దిగమన్నాడు. ఆ తర్వాత నన్నెప్పుడూ స్టీరింగు ముందు కూర్చోబెట్టలేదు. పెళ్ళయి మూడు గల్లీల అవతలికి వచ్చాక కూడా ఇంజను తేడా చేస్తే కబురు పంపేవాడు. బయటివాళ్ళతో మాత్రం మిస్త్రీ చూశాడనే చెప్పేవాడు.

నేను వెళ్ళేసరికి అన్న షెడ్డుకు ఒక పక్క, తమ్ముడు మరో పక్క నిలబడి ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడరు. అన్న నాతో అంటాడు, "చెల్లె, టాకీల పెట్రోలు తీసెయ్యమను వానికి." తమ్ముడు నాతోనే అంటాడు, "తీసెయ్యాల్నా అక్కా?"

"తియ్యద్దు. నిండ పొయ్యాలె. ఖాళీ జాగ ఉంటె లోపల చెమ్మ పట్టి తుప్పు పడ్తది" అన్నాను. పెట్రోలు తేవడానికి ఎవరు వెళ్ళాలో చెప్పమన్నట్టు ఇద్దరూ నా ముఖం చూశారు. చివరికి ఇద్దరూ రెండు బండ్ల మీద వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చారు.

కారును కడిగి తుడిచి ఆరనిచ్చాం. ఇంజను కాసేపు నడిపి, వేడి మీద పాత ఆయిలు దించి కొత్తది పోశాను. రేడియేటర్‌లో నీళ్ళు దించేశాను. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఆయిలు వేసి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి నాలుగు చుట్లు తిప్పి, మళ్ళీ బిగించాను. బ్యాటరీ విప్పి బయట పెట్టాను. అది ఎవరింట్లో ఉండాలని మళ్ళీ పేచీ వచ్చింది. నా ఇంట్లో ఉంటుందన్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. నామీద నమ్మకం కాదు. నావల్ల ఏమీ కాదన్న ధైర్యం.

తర్వాత కారును షెడ్డులోకి నెట్టాలి. ఎవరో ఒకరు స్టీరింగు పట్టాలి. అన్న పడితే తమ్ముడు నెట్టడు, తమ్ముడు పడితే అన్న నెట్టడు. "నువ్వే కూసో" అన్నాడు అన్న విసుగ్గా.

అలా ముప్పై ఆరేళ్ళ తర్వాత నేను ఆ సీటులో కూర్చున్నాను, ఆగిపోయిన ఇంజను వెనక. వాళ్ళిద్దరూ చెరో పక్క భుజం పెట్టి నెట్టారు. అద్దంలో ఇద్దరి తలలూ కనిపించాయి, రెండూ నెరిసినవే. పదడుగుల దూరం. దిగేటప్పుడు ఎవరూ చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

లోపల మిగతా పని నేనొక్కదాన్నే చేశాను. జాకీతో ఎత్తి, తాత మగ్గం విప్పినప్పుడు మిగిలిన టేకు దిమ్మెలు ఇరుసుల కింద పేర్చి, టైర్లు నేలకు ఆనకుండా నిలబెట్టాను. హ్యాండ్‌బ్రేక్ వదిలేశాను, లేకపోతే లోపల పట్టేస్తుంది. సైలెన్సర్ మూతిలో ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కాను. సీట్ల కింద వేపాకు, కలరా ఉండలు. అద్దాలు గాలి ఆడేంత దించి, పైన నూలు దుప్పట్లు కప్పాను. ఆర్నెల్లకోసారి వచ్చి హ్యాండిల్ తిప్పాలని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు. తలుపు వేసి అన్న తన తాళం వేశాడు, దాని మీద తమ్ముడు తన తాళం వేశాడు. నేను గ్రీజు చేతులతో ఇంటికి వచ్చి సాయంత్రం దాకా బీడీలు చుట్టాను.

మూడేళ్ళు ఎవరూ ఆ తలుపు తీయలేదు. నేను రెండు మూడుసార్లు గుర్తుచేశాను, తర్వాత మానేశాను.

పోయినేడు పూణే నుంచి ఒకాయన పాత కార్లు కొంటూ తిరుగుతున్నాడని తెలిసి, అన్నకూ తమ్ముడికీ అమ్మేద్దామన్న ఒకే బుద్ధి పుట్టింది. ఆయన వచ్చిన రోజు బ్యాటరీ కోసం నన్నూ పిలిచారు. దుప్పట్లు తీశాక ఆయన కారు చుట్టూ తిరిగాడు, వంగి కిందికి చూశాడు, ప్లగ్గు ఒకటి విప్పి వేలు పెట్టి చూశాడు. మూడేళ్ళు మూసిపెట్టిన బండి ఇంత బాగా ఉండటం తాను చూడలేదని, దీన్ని సిద్ధం చేసిన మనిషి ఎవరని మరాఠీలో అడిగాడు.

"ఒక మిస్త్రీ ఉండె" అన్నాడు అన్న.

"నేనే చేసిన" అన్నాను నేను, మరాఠీలోనే.

ఆయన నన్నూ నా కొంగునూ చూసి నవ్వాడు. నేను హాస్యమాడాననుకున్నాడు. తమ్ముడు కూడా నవ్వాడు. తమ్ముడికి తెలుసు, అయినా నవ్వాడు.

వారం తిరక్కుండా అన్న మా ఇంటికి వచ్చాడు, వదిననూ తమ్ముడినీ వెంటబెట్టుకుని. వదిన చేతిలో చీర, మిఠాయి డబ్బా.

"చెల్లె, ఒక సహీ కావాలె" అన్నాడు, సంతకం పెట్టినట్టు వేళ్ళు ఆడించి.

"ఏం సహీ?"

"గాడి నాయిన పేరు మీదున్నది గదా. ఆర్టీఓల వారసులందరియి సహీలు కావాల్నన్నరు. నాది, వీనిది, నీది."

నేను అడిగాను, "పెద్దమనుషుల ముంగట నా పేరు ఎందుకు రాలే మరి?"

"నువ్వు అడగలే గదా" అన్నాడు అన్న. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

"చేస్త. నాకు పైసలొద్దు" అన్నాను. "అమ్మకముందు ఒక్కపారి నేను నడుపుత. షెడ్డు కాడికెంచి కొంతం చౌక్ దాక. మీరిద్దరు ఎన్క కూసోండ్రి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగేళ్ళలో వాళ్ళు అలా చూసుకోవడం అదే మొదటిసారి.

"పిచ్చి లేసిందా ఏంది?" అన్నాడు అన్న. "యాభై దాటినంక పేటల గాడి నడుపుతవా? నలుగురు ఏమంటరు? లైసెన్సు గూడ లేదాయె."

"పొద్దుగాల జల్ది పోదాం. ఎవలు చూడరు."

"అక్కా, వద్దే. చీర తీస్కో, సహీ చెయ్యి" అన్నాడు తమ్ముడు.

మా గల్లీలో ఆడపిల్లలు స్కూటీల మీద కాలేజీకి పోతున్నారు. నా కూతురే పోతుంది. లైసెన్సు సంగతి నిజమే, కానీ పక్కన నేర్పేవాణ్ణి కూర్చోబెట్టుకుని నడిపే దారి లేకపోలేదు. ఆ దారి వెతుకుదామని వాళ్ళలో ఒక్కరు అన్నా నేను అక్కడికక్కడే సంతకం పెట్టేదాన్ని. చీర వెనక్కి నెట్టాను. "అయితె సహీ లేదు" అన్నాను. వదిన డబ్బా కూడా తీసుకుని లేచింది.

పూణే ఆయన రెండు నెలలు చూసి వేరేచోట కొనుక్కున్నాడు. కారు షెడ్డులోనే ఉంది. ఈసారి దాన్ని ఎవరూ సరిగ్గా కప్పలేదని విన్నాను. పెట్రోలు జిగురుగా మారుతూ ఉంటుంది, రబ్బరు పగులుతుంది, ఎలుకలు సీట్లలో దూది లాగుతాయి. ఏ నెలలో ఏది పాడవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఊరుకున్నాను. "నీకు నిజంగ ఆ కారు కావాల్నా అమ్మా?" అని కూతురు అడిగింది. వద్దన్నాను. మరి సంతకం పెట్టొచ్చు కదా అంది. నేను చాట ఒళ్ళోకి లాక్కున్నాను.

మొన్న రాఖీ పున్నమికి మా కులదైవం రథం మా గల్లీ చివరి నుంచి వెళ్ళింది. అన్న, తమ్ముడు పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు వాళ్ళకు రాకపోకలున్నాయి, పండక్కి ఒకరింట్లో ఒకరు తింటున్నారు. నామీద కోపమే వాళ్ళను కలిపింది. జనంలో తమ్ముడు నన్ను చూశాడు. ముఖం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. రథం వెనకే వెళ్ళిపోయాడు. ఈసారి నేను రాఖీలు కొనలేదు.