ముసలి రైఫిల్‌కి మూడు చుక్కల నూనె

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చిలవలు పలవలు అల్లే రకం. మా తార్నాక ఇంట్లో పొద్దున్న బల్లి కనిపిస్తే ఆఫీసు చేరేసరికి అది ఉడుమవుతుంది, మధ్యాహ్నం చాయ్ వేళకి మొసలవుతుంది. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల మార్కుల్ని ఉన్నవి ఉన్నట్టు రాసీ రాసీ, సొంత సంగతులకు వచ్చేసరికి నా చేతికి ఆ కట్టుబాటు నిలవడం లేదు. కాబట్టి కాస్త తగ్గించి చదువుకోండి. ఎక్కడ తగ్గించాలో చివర్లో నేనే చెబుతాను.

సంగతి పందికొక్కుతో మొదలైంది. మా పెరట్లో కరివేపాకు చెట్టు కింద అది కాపురం పెట్టింది. గేదె దూడంత ఉండేది. అది నడిస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి. అది గుర్రుమంటే సీతాఫల్‌మండి స్టేషన్లో జనం రైలొచ్చిందనుకుని సంచులు సర్దుకునేవారు.

అదే రోజుల్లో మా ఆవిడ క్యాంపస్ వెనక రాళ్ళ మధ్యనున్న షూటింగ్ రేంజిలో చేరింది. ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు, బడిలో లెక్కల టీచరు. ఉద్యోగుల కుటుంబాలకు నేర్పుతామని అక్కడి క్లబ్బు నోటీసు పెడితే, నేను చదివి నవ్వాను. ఆమె చదివి సంతకం పెట్టింది. ఏడాది తిరగకుండానే క్లబ్బు టీములో ఆమె వయసు ఆడవాళ్ళకున్న ఒకే ఒక్క చోటుకి పోటీదారు అయింది. దసరా తరవాతి ఆదివారం పరీక్ష. నలభై తూటాలు, నాలుగు వందల మార్కులు. మూడు వందల డెబ్బై దాటితే చోటు ఆమెది, లేకపోతే మరొకరిది.

"యాభై ఏండ్లు రాబట్టె. పిల్లల కోసం, ఇంటి కోసం మస్తు అడిగిన. నా కోసం అడుగుతున్నది గిదొక్కటే" అంది ఒక సాయంత్రం, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడితే నాకు భయం.

పరీక్షకి ముందు క్లబ్బు తుపాకుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. ఒకసారి పేరు రాయించుకుంటే మార్చుకోవడానికి లేదు. ఇంత పెద్ద ఎంపిక ఇంటి మగాడు లేకుండా ఎలా జరుగుతుందని నేనూ వెళ్ళాను. కొబ్బరికాయ, కుండ, పుచ్చకాయ, చివరికి అద్దె ఇంటి గోడ కూడా వేలితో కొట్టి ఎంచిన వంశం మాది.

కోచ్ బౌద్ధనగర్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చే రిటైర్డ్ హవల్దారు. ఆయన మీసం స్కూటర్ కంటే రెండు నిమిషాలు ముందు రేంజికి చేరుతుంది. బల్ల మీద మూడు రైఫిళ్ళు పరిచాడు. మూడూ పాయింట్ టూ టూ సైజు తూటావే. మొదటిది తేలికగా, అగరొత్తిలా ఉంది. రెండోది నీలం రంగు అల్యూమినియంది. ఒళ్ళంతా మరలు, మీటలు, ఆపరేషన్ థియేటర్లోంచి లేచి వచ్చినట్టుంది. మూడోది ముసలిది. చెక్క పిడి అంచు విరిగి, ఇనుము వన్నె తగ్గి, ముషీరాబాద్ పాత సామాన్ల దుకాణంలో కూడా వెనక వరసలో పెట్టేలా ఉంది.

నేను మూడింటినీ వేలితో కొట్టి చూసి, నీలం దానికి ఓటేశాను. "గట్టిగా మోగింది" అన్నాను.

కోచ్ నా వంక చూశాడు. "పుచ్చకాయ కొననీకి వచ్చిండ్రా సార్?"

"అదొక్కటే కాదండీ. మా పెరట్లో పందికొక్కుంది. అదే చేత్తో దాని సంగతీ చూసేది కావాలి."

"ఈ తేల్కది గసుంటి పనికే చేసిండ్రు. బయటి దేశాల పొలాలల్ల ఎలుకలను, చెవులపిల్లులను కొడ్తరంట. చేతుల పట్టుకుని నడవనీకి అల్కగుంటది గని, పండుకుని గురి చూస్తే ఊగుతది. మీరు గిది తార్నాకల పేలిస్తే పందికొక్కు బతుకుతది, పక్కింటి నీళ్ళ ట్యాంకు చస్తది, మీరు జైలుకు పోతరు. బోను కొనుక్కోండ్రి సార్, దాంట్ల ఎండు చేప వెట్టుండ్రి."

మా ఆవిడ నవ్వలేదు. ఆమె మూడు రైఫిళ్ళనూ చూడ్డం లేదు. పక్కనున్న తూటాల పెట్టెలు మూడింటినీ చూస్తోంది.

ఆ తూటాని అంతకు ముందు నేను చూడలేదు. అరిగిపోయిన పెన్సిల్ ముక్కంత ఉంది. మిగతా తూటాల్లా వెనక భాగం నడిమధ్యన కాకుండా, అంచు మీద సూది తగిలితే పేలుతుందట. అందుకే రిమ్‌ఫైర్ అంటారట. అంత బుల్లి వస్తువు యాభై మీటర్లు వెళ్ళి చొక్కా బొత్తామంత గుండ్రటి గీతలో పడాలి. నాకు మా ఇంటి తలుపు తాళంలో తాళంచెవి పెట్టడానికే రెండు ప్రయత్నాలు పడతాయి.

ఒక్కో రైఫిల్‌తో మూడు పెట్టెల తూటాలూ అయిదేసి చొప్పున కాల్చింది. తేలికది గురి అట్టమీద కారప్పూస చల్లినట్టు కొట్టింది. నీలంది రూపాయి బిళ్ళంత మేర కొట్టింది. ముసలిది మొదటి పెట్టెతో గోడ మీద చీమల్లా కొట్టింది, రెండో పెట్టెతో ఇంకా ఘోరం. నేను విజయగర్వంతో దగ్గాను. అప్పుడు మూడో పెట్టె తెరిచింది. అయిదు చప్పుళ్ళు వినిపించాయి. అట్ట తెచ్చి చూస్తే ఒకటే కన్నం.

"మిగతా నాలుగూ ఎక్కడికి పోయాయి?" అన్నాను.

"ఒకదాని ఎన్క ఒకటి అండ్లకెల్లే పోయినయి సార్" అన్నాడు కోచ్, గుళ్ళో మాట్లాడినట్టు. "తుపాకి మనకు నచ్చుడు కాదు, తుపాకికి తూటా నచ్చాలె. ఈ ముసల్దానికి గీ పెట్టెనే నచ్చింది. రంగు, చప్పుడు, కొత్తదనం, ఇవన్ని ఫోటోలకు."

ఆ కన్నాన్ని వేలితో తడిమాను. జాతకాలు కలిసిన పెళ్ళిళ్ళు చాలా చూశాను గానీ ఇంతగా కలిసిన జంటను చూడలేదు. మా ఆవిడ ముసలి రైఫిల్ ముందు తన పేరు రాయించింది. ఆ రకం తూటాలు క్లబ్బులో సరిగ్గా అరవై మిగిలాయి: నలభై పరీక్షకి, ఇరవై ముందుగా గురి సరిచూసుకోవడానికి.

వచ్చేటప్పుడు కోచ్ ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "బ్యారెల్ లోపల ఎవ్వలు చెయ్యి వెట్టొద్దు. మైనం, మసి పట్టి లోపల తూటాకు ఒక తొవ్వ పడ్డది. తుడిస్తే ఆ తొవ్వ పోతది. మల్ల పది పదిహేను తూటాలు పోతేగాని కుదురుకోదు."

ఈ మాట నేను విన్నాను. ఇతరులకు చెబుతున్నాడనుకున్నాను.

దసరాకి రేంజిలో ఆయుధ పూజ. ఎర్ర గుడ్డ మీద రైఫిళ్ళు పరిచి, బంతిపూలు, నిమ్మకాయలు, గుమ్మడికాయ. మా ఇంట్లో ఆయుధ పూజంటే నూనె పూజ. కుట్టుమిషను, కత్తిపీట, సైకిలు గొలుసు, గేటు మడత బందులు, ఇనుమన్నదానికి బొట్టు కంటే ముందు మూడు చుక్కలు పడాలి. నూనె లేని పూజ స్నానం చేయని పెళ్ళికొడుకు లాంటిది. అందుకని కుట్టుమిషను నూనె డబ్బా జేబులో పెట్టుకుని వెళ్ళాను. కోచ్ కొబ్బరికాయ కొట్టడానికి అటు తిరిగాడు. నీలందానికి అన్ని మీటలున్నాయి, ముసలిదానికి దిక్కెవరు అనిపించింది. శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ ముక్క చుట్టి, మూడు చుక్కలు వేసి, ముసలిదాని గొట్టంలో ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రేమగా తోశాను. గుడ్డ నల్లగా బయటికి వచ్చింది. ఏళ్ళ దరిద్రం వదిలించాననుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆమె చాప మీద బోర్లా పడుకుంది. గోనెసంచిలా బిర్రుగా ఉండే కోటు, ఎడమ చేతికి పట్టీ. దూరంగా నెమళ్ళు అరుస్తున్నాయి. మొదటి తూటా పైన ఎడమ పక్క పడింది, ఆరు. రెండోది కింద కుడి పక్క, ఏడు. మూడోది ఎక్కడ పడిందో దుర్బీనులో కోచ్‌కే కనపడలేదు. కోచ్ మీసం ఒక్కసారిగా వాలిపోయింది. నాకు పూజ నాటి నుంచి జేబులోనే ఉండిపోయిన నూనె డబ్బా గుమ్మడికాయంత బరువెక్కింది.

పక్క చాపల వాళ్ళు అప్పటికే లెక్కలోకి వచ్చే తూటాలు మొదలుపెట్టారు. ఆమె ఇంకా సరిచూసుకునే తూటాల్లోనే ఉంది. ఎవరైనా అయితే ఈపాటికి గురి సరిచేసే మరలు అటు తిప్పి ఇటు తిప్పి ఉండేవారు. ఆమె చెయ్యి మరల దగ్గరికే పోలేదు. పదో తూటా కూడా పక్కకే పోయింది.

ఇక ఆగలేక పాక్కుంటూ వెళ్ళి ఆమె చాప పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"ఏమోయ్, గొట్టంలో నూనె రాసిన పాపిని నేనే."

ఆమె కన్ను తియ్యలేదు. "ఎన్ని చుక్కలు?"

"మూడు."

"అయితే ఇంకా ఏడెనిమిది తూటాలు. జరుగుండ్రి, వెలుగుకు అడ్డమొస్తున్నరు."

పదిహేడోది తొమ్మిదిలో పడింది. పద్దెనిమిదోది పదిలో. పంతొమ్మిదోది ఆ కన్నంలోంచే. ఇరవయ్యోది కాల్చి, ఒక్కసారి ఊపిరి వదిలి, లెక్కలోకి వచ్చే నలభైలో మొదటిది గొట్టంలోకి తోసింది. ఆ తరవాత నాకు చప్పుళ్ళే గుర్తున్నాయి, కుట్టుమిషను నడిచినట్టు సమంగా. సమయం అయిపోవడానికి నిమిషం ఉండగా ఆఖరిది కాల్చింది.

మూడు వందల ఎనభై ఒకటి. ఆఖరి పది తూటాల అట్టలో పది కన్నాలు లేవు, బొత్తాం పట్టేంత ఒకే ఒక్క చిరుగుంది. కోచ్ దాన్ని వెలుగుకి పట్టి అందులోంచి ఆకాశాన్ని చూశాడు. నేనూ చూశాను. ఆ చిరుగులోంచి క్యాంపస్ అంతా కనిపించింది.

ఇంటికొచ్చాక అడిగాను, అంత చెదిరిపోతుంటే మరలెందుకు తిప్పలేదని.

"ఒకే దిక్కు పోతే నా తప్పు, దిద్దుకుంట. అన్ని దిక్కులకు పోతుంటే ఏం దిద్దాలె? మా నాయిన మక్కచేను మంచె మీద కూసుండి పందులను వడిసెలతోటి ఎల్లగొడుతుంటే చూసిన. రాయి తప్పితే ఇంకో రాయి తీసేటోడు గని, చెయ్యి మార్చకపోతుండె."

ఇక తగ్గించాల్సింది. పందికొక్కు దూడంత లేదు, పిల్లి పిల్లంత. ఎండు చేప తినేసి బోనులోంచి దర్జాగా వెళ్ళిపోయింది. కోచ్ మీసం కాస్త పొట్టి. అట్టలో చిరుగు మాత్రం నిజం, మా హాల్లో వేలాడుతోంది, వచ్చి చూసుకోవచ్చు.

నేను నిజంగా కల్పించింది ఒక్కటే: పాక్కుంటూ వెళ్ళి నిజం చెప్పడం. చెప్పలేదు. స్తంభం వెనక నిలబడి, డబ్బాని జేబులో నొక్కి పట్టుకుని, తూటాలు లెక్కపెట్టాను. మూడు చుక్కల సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏం జరిగిందో, అసలు కుదురుతుందో లేదో తెలియకుండానే ఆమె మరలు ముట్టుకోకుండా ఆ ఇరవై తూటాలూ ఓపిక పట్టింది.

నేను రాసినవి అందరికంటే ముందు చదివేది ఆవిడే. నూనె డబ్బాని ఈ పొద్దున్న మళ్ళీ కుట్టుమిషను సొరుగులో, ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశాను.