నెలకోసారి బందరు చూడొచ్చిన టీవీలు

మా హాల్లో ఒకప్పుడు ఏడు టీవీలు వరసగా నిలబడి ఉండేవని నేను బందరు కోనేరు సెంటర్లో టీ తాగేచోట చెబుతుంటాను. వినేవాళ్ళు నమ్ముతారు కూడా. ఏడు కాదు. మూడు. అందులో ఒకటి మా సొంతమే, గోడకి ఎప్పుడూ ఉండేదే.

నేను చిలకలపూడిలో రోల్డుగోల్డు పనిచేసి తల నెరిసినవాణ్ణి. రాగి గాజుకి సన్నటి బంగారు పూత వేసి, పెళ్ళిపందిట్లో అసలు గాజు పక్కన తలెత్తుకునేలా చేయడం మా పని. చేతికి పట్టిన ఆ అలవాటు నోటికీ పట్టింది. కాకపోతే మా పనికి ఒక మర్యాద ఉంది. ఇది పూతేనండీ అని చెప్పే అమ్ముతాం. ఇక్కడా అంతే. ముందు పూత వేస్తాను, తర్వాత గీకి చూపిస్తాను.

ఆ టీవీల గొడవ మా అక్క సీరియల్‌తో మొదలైంది. అక్కది దివిసీమలో, మోపిదేవికి దగ్గర్లో ఒక ఊరు. బావగారు పోయిన తర్వాత ఆవిడకి మిగిలిన పెద్ద సంపద సాయంత్రం ఏడు గంటలు. ఆ వేళకి వీధిలో ఆడవాళ్ళంతా చేటలో చిక్కుడుకాయలో, ఒళ్ళో పిల్లనో పట్టుకుని ఆవిడ వసారాలోకి వచ్చి కూర్చునేవాళ్ళు. టీవీని కిటికీలోంచి వసారా వైపు తిప్పి అక్క సీరియల్ పెట్టేది. మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు ఎవరింట్లో ఏం జరిగిందో వచ్చేది. నాకు తెలిసి ఆ ఆడవాళ్ళు వచ్చేది ప్రకటనల కోసమే.

సందుకి అవతల అక్క తోడికోడలి ఇల్లు. ఒక కరివేపాకు చెట్టు కొమ్మ ఎవరి గోడ మీదికి వంగిందన్న విషయంలో ఇద్దరికీ మాటల్లేవు. చెట్టు ఎండిపోయి కూడా చాన్నాళ్ళయింది, మాటలు మాత్రం చిగురించలేదు. ఆవిడ అక్క టీవీ కన్నా పెద్ద టీవీ కొని తన వసారా వైపు తిప్పి పెట్టుకుంది. ఎవరూ రాలేదు. అలవాటైన చోటు వదిలి ఎవరొస్తారు? అయితే అక్క టీవీ ఒక్క సాయంత్రం ఆగితే చాలు, అందరూ చేటలతో సహా సందు దాటతారని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, నా సీరియల్ని ఎవరో ఎత్తుకుపోయారు."

ఎత్తుకుపోవడం కాదు, ఇకమీదట అది ఛానల్లో రాదు, యాప్‌లోనే వస్తుంది, దానికి నెలనెలా విడిగా కట్టాలి అని చెప్పాను.

"కేబులుకి కడుతున్నానుగా?"

"అది వేరే అక్కా."

"నెట్టుకీ కడుతున్నాను."

"అదీ వేరే."

"అంటే నీళ్ళకొకడికి, బిందెకొకడికి, దాహమేసినందుకు ఇంకొకడికీనా? నాకివన్నీ చెప్పకు. ఇవ్వాళ సాయంత్రం ఏడింటికి వాళ్ళంతా వస్తారు. ఏం చూపించమంటావు, నా మొహమా?"

"నేను చూసుకుంటానక్కా. నీ జన్మలో అది ఆగదు," అన్నాను. ముంబైలో ఆ కంపెనీ పెద్దాయనతో నేరుగా మాట్లాడి శాశ్వతంగా వేయించానని కూడా అన్నాను.

ఇప్పుడు గీకి చూపిస్తాను. నేను మాట్లాడింది ఒక టేపు గొంతుతో. అది తొమ్మిది నొక్కమంది, నొక్కాను, మళ్ళీ తొమ్మిది నొక్కమంది. అదీ వేయించడానికి కాదు, తీయించడానికి. ఆ యాప్ ఒక నెల ఉచితమంటే మా ఇంట్లో చేరింది. నెల కాగానే దానంతటదే బ్యాంకులోంచి తీసుకోవడం మొదలుపెట్టింది. రద్దు చేద్దామని ఫోన్లో లోపలికి వెళితే, నిజంగా వెళ్ళిపోతారా అనడిగింది. అవునన్నాను. మీరు లేకపోతే మాకు వెలితిగా ఉంటుంది అంది. అంత మర్యాదగా అడిగితే బొద్దింక కూడా వెళ్ళకుండా కూర్చుంటుంది. చివర్లో రెండే బటన్లు. ఒకటి ఎర్రగా, పెద్దగా: ఉండిపోతాను. రెండోది బూడిదరంగులో: వెళ్ళిపోతాను. మనవైపు గడప దగ్గర నిలబడి వెళ్ళిపోతాను అని ఎవరంటారండీ? వెళ్ళొస్తాను అంటాం. ఆ బటన్ లేదు. దాంతో ఉండిపోయాను.

ఎలాగూ వదలని చందా, అక్కకి పనికొస్తుందిలే అనుకుని మోపిదేవి బస్సెక్కి వెళ్ళి ఆవిడ టీవీలో మా ఖాతా పెట్టి వచ్చాను. గుడివాడలో మా బావమరిది ఇది విని, "నేనేం పాపం చేశాను బావా?" అంటే వాడి టీవీలోనూ పెట్టాను. ఒక నెల అందరం హాయిగా చూశాం.

నెల తిరిగేసరికి అక్క టీవీ మీద ఒక మాట వచ్చింది. ఈ టీవీ మీ ఇంట్లోది కాదనిపిస్తోంది, నెలకోసారైనా మీ ఇంటి వైఫైకి కలపండి అని. దాని కింద ఇంకేదో అడిగిందట, అక్క దానికి జవాబిచ్చిందట, టీవీ మళ్ళీ అదే మాట అందట. ఏమడిగిందో ఆ పూట నేను పట్టించుకోలేదు. గుడివాడ టీవీదీ అదే పాట.

అంటే ఏమిటి? ఇంటి టీవీ అని నిరూపించుకోవాలంటే టీవీ ఇంటికి రావాలి. మాకు ఇందులో వింతేమీ కనపడలేదు. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు నెలకోసారి వచ్చి, ఒక పూట ఉండి, వైఫై తాగి వెళుతుంది.

అలా మొదలైంది. బావమరిది తన టీవీకి దుప్పటి చుట్టి, చంకలో పెట్టుకుని గుడివాడలో పాసింజరు ఎక్కేవాడు. మొదటిసారి పెడన దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ ఆకారం చూసి గొంతు తగ్గించి, "ఎవరు బాబూ పోయింది? ఫొటో పెద్దగానే కట్టించారు," అన్నాడట. వీడికి వివరించే ఓపిక లేక, "మా మావయ్యండి," అన్నాడట. బందరు వచ్చేదాకా ఆ పెద్దాయన ఆ మావయ్య మంచితనం గురించి అడుగుతూనే ఉన్నాడట. వాడి మావయ్య అప్పటికి బతికే ఉన్నారని రాస్తే బాగుంటుంది కానీ, లేరు.

అక్క టీవీని నేనే వెళ్ళి తెచ్చేవాణ్ణి. బస్సులో దాన్ని పక్క సీట్లో కూర్చోబెడితే కండక్టరు చూసి, "కూర్చోబెడితే మనిషి టికెట్టు, నిలబెడితే లగేజీ టికెట్టండీ. ఏం చేద్దాం?" అన్నాడు. నిలబెట్టాను. చల్లపల్లి దాటేదాకా నేనూ దాని పక్కనే నిలబడ్డాను, పడిపోతుందని. నా ఖాళీ సీట్లో కండక్టరు కూర్చున్నాడు.

బందర్లో దింపి వైఫైకి కలపగానే టీవీ, మళ్ళీ స్వాగతం, అనేది. మా ఆవిడ కాఫీ కలుపుతూ, "దానికి కూడా పెట్టమంటారా?" అని అడిగేది. చందాల బాధ తప్పించుకోవడానికి మేము కనిపెట్టిన ప్రత్యామ్నాయం ఇదీ. టికెట్లూ ఆటోలూ కలిపితే తలా ఒక చందా కట్టుకోవడమే చవక. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

ఈ రాకపోకల రోజుల్లోనే దివిసీమ నుంచి నాకు నెలకో సీసా రొయ్యల పచ్చడి అందుతుండేది. డాక్టరు ఉప్పు తినొద్దన్నాడు కాబట్టి దాన్ని గురించి ఇంట్లో ఎక్కువగా మాట్లాడలేదు. ఇక్కడా ఎక్కువగా మాట్లాడను.

ఇంతలో సీరియల్ ఆఖరి భాగం వస్తోందన్నారు. పాయసంలో విషం కలిపింది ఎవరో ఆ సాయంత్రం తేలిపోతుంది. అక్క వీధంతా చెప్పింది, కుర్చీలు అరువు తెచ్చింది, పునుగులకి పిండి నానబెట్టింది. సరిగ్గా ఆ పొద్దున్నే టీవీ నెల గడువు అయిపోయి, ఈ టీవీ మీ ఇంట్లోది కాదు అంది.

"వచ్చి తీసుకెళతానక్కా, సాయంత్రానికి తెచ్చేస్తాను."

"ఇవ్వాళ టీవీ గడప దాటదు. పోయినసారి మూల పగలగొట్టుకొచ్చావు. దారిలో బస్సు చెడిపోతే? వాళ్ళంతా సందు అవతల దాని వసారాలో కూర్చుని నా వైపు చూస్తారు. అది పునుగులు కూడా వేయదు, బిస్కెట్లు పెడుతుంది. ఏం చేస్తావో నాకు తెలీదు."

నేను ఆలోచించాను. మోపిదేవి గుడిలో మూలవిరాట్టు కదలడు, ఊరేగింపుకి ఉత్సవ విగ్రహం వెళుతుంది. టీవీ ఇంటికి రాకపోతే ఇల్లే టీవీ దగ్గరికి వెళ్ళాలి. కంపెనీ లెక్కలో మా ఇల్లంటే వైఫై పెట్టే కదా. దాన్ని గోడ మీంచి ఊడదీసి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంత తెలివైన ఆలోచన కృష్ణాజిల్లాలో ఇంకెవరికీ వచ్చి ఉండదని దారి పొడుగునా అనుకున్నాను. రాకపోవడానికి కారణం దిగాక తెలిసింది. అక్క ఇంటి తీగని మా పెట్టెకి గుచ్చితే ఎర్ర లైటు వెలిగింది. అంతే వెలిగింది. తీగ కూడా బందర్నుంచి రావాలట.

ఈలోపు మా ఆవిడ ఫోను. "ఏవండీ, నెట్టు రావట్లేదు. గోడ మీద పెట్టె లేదు. దొంగలు పడ్డారేమో."

"దొంగలు కాదులే. నాతోనే ఉంది."

"పెట్టెనా? మీతోనా?" అని అడిగి, "సరే, జాగ్రత్తగా తీసుకురండి," అని పెట్టేసింది. నాతో కాపురం చేసి ఆవిడకి దేనికీ ఆశ్చర్యపోవడం పోయింది.

అక్క తీగ మళ్ళీ అక్క పెట్టెకే గుచ్చాను. టీవీ మళ్ళీ అదే మాట అంది. ఆరున్నర దాటింది, వసారాలో చేటల చప్పుడు మొదలైంది. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని కింద అడుగుతున్నదేమిటో చదివాను. మీరు ప్రయాణంలో ఉన్నారా? అని ఉంది. కింద అవును, కాదు.

"అక్కా, దీనికి ఇన్నాళ్ళూ ఏం చెబుతున్నావు?"

"కాదని. నేనెక్కడికి ప్రయాణం చేశాను? మోకాళ్ళతో గుడికే వెళ్ళలేకపోతున్నాను."

గుడివాడకి ఫోను చేస్తే వాడూ అంతే. "ఇంట్లో కూర్చుని ప్రయాణంలో ఉన్నానని ఎలా చెప్పను బావా? అబద్ధం కదా." ఎదుటి ప్రయాణికుడికి టీవీని చచ్చిపోయిన మావయ్యగా చూపించినవాడు, టీవీ దగ్గర సత్యవంతుడయ్యాడు.

నేను ఆ పూట నిజంగానే ప్రయాణంలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా అవును నొక్కాను. నా ఫోనుకి అంకెలొచ్చాయి, కొట్టాను, తెర తెరుచుకుంది. వసారాలో ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. అక్క నా వైపు చూసిన చూపు నా పెళ్ళిలో కూడా నాకు దక్కలేదు.

సీరియల్ పాట మొదలవ్వాలి. మొదలైంది, కానీ మా టీవీలో కాదు, సందుకి అవతల. మా తెర మీద మాత్రం ఇంకో మాట: మీ ఖాతా ఇప్పటికే రెండు టీవీల్లో నడుస్తోంది. మూడోదానికి వీల్లేదు.

బందరు టీవీకి నెట్టు లేదు. గుడివాడది ఒకటి; రోజూ పడుకునేముందు చూసేవాడు, ఇవ్వాళ ఆఖరి భాగమని ఏడింటికే పెట్టాడు. రెండోది ఏది? అవతలి పాట వినపడనట్టు నేను రిమోటు తిప్పి తిప్పి చూశాను. వసారాలో ఒకావిడ చేట ఎత్తుకుని నిలబడింది. ఇంకొకావిడ చెప్పులు వెతుక్కుంటోంది. అక్క పునుగుల గరిటె పట్టుకుని వాకిట్లో అలా నిలబడిపోయింది.

నేను ఫోను తీసి ఖాతాలోకి వెళ్ళి ఒక బటన్ నొక్కాను. సందుకి అవతల పాట ఠక్కున ఆగిపోయింది. తోడికోడలు బయటికి వచ్చింది.

"అక్కా, మీది కూడా ఆగిందా?" అంది. కరివేపాకు చెట్టు తర్వాత ఆవిడ అన్న మొదటి మాట.

"నీదీ ఆగిందా?" అంది అక్క. ఆ గొంతులో సానుభూతి కన్నా తృప్తే ఎక్కువ. తర్వాత నా వైపు తిరిగింది. "దాని టీవీ ఆగితే నీ మొహం ఎందుకురా అలా పెట్టావు?"

గీకే వేళయింది. మొదట ఏడు టీవీలన్నాను, తర్వాత మూడన్నాను. నాలుగు. అక్క టీవీ తిరిగి వెళ్ళిన మర్నాడే ఇంకొకటి ఆటోలో వచ్చేది.

"అన్నయ్యగారిని ఏమనకండి అక్కా," అంది తోడికోడలు. "నేనే అడిగాను. ఊరికే కాదు, నెలనెలా సీసా పంపించాను."

"రొయ్యల పచ్చడా?" అక్క గరిటె నా వైపు తిరిగింది. "నన్ను రొయ్యలకి అమ్మేశావా?"

"వీడికి ఉప్పు పడదు, నీకు తెలీదూ?" అని తోడికోడల్నీ కోప్పడింది. ఆ కోపం విని ఆవిడ సందు దాటి వచ్చి, అక్క వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నన్ను తిట్టడానికి వాళ్ళకి ఒకే వసారా కావలసి వచ్చింది. చేట ఎత్తుకున్నావిడ మళ్ళీ కూర్చుంది. మరి ఇంతకన్నా మంచి ప్రకటన ఏముంటుంది?

టీవీ మళ్ళీ పెడదామంటే కొత్త పాస్‌వర్డు నాకు తెలీదు. దాన్ని ఈమధ్యే మార్చిన మా బావమరిది గుడివాడలో తన టీవీ కూడా ఆగిపోయిందని అలిగి ఫోను కట్టేశాడు. పునుగులు తింటూ విషం ఎవరు కలిపారో ఆడవాళ్ళే తేల్చుకున్నారు. అక్క, "అత్తగారే," అంది. తోడికోడలు, "మన అత్తగారు కూడా అంత చేసేదే," అంది. అప్పుడు అక్క నవ్వింది. ఇక సీరియల్లో అత్తగారిని వదిలేసి సొంత అత్తగారిని పట్టుకున్నారు.

ఇద్దర్నీ కలపాలనే ఆ బటన్ నొక్కానని నేను ఇప్పటికీ కోనేరు సెంటర్లో చెబుతుంటాను. ఆ ఒక్క టీవీనే తీసేద్దామని నొక్కాను. కంగార్లో వేలు జారి, అన్నిట్నీ తీసేయి అన్నది తగిలింది.

ఆఖరి భాగం ఆఖరిది కాదట, రెండో భాగం మొదలైందట. మా చందా కూడా నెలనెలా దానంతటదే కొనసాగుతోంది. ఉంది, ఎవరమూ చూడం. అక్క వసారాలో ఏడింటికి ఇప్పటికీ అందరూ వస్తారు. టీవీ మీద గుడ్డ కప్పి ఉంటుంది. దాని ముందు చిక్కుడుకాయల చేట పెడతారు. మధ్యమధ్య నేను వెళుతుంటాను, ఒట్టి చేతుల్తో. కండక్టరు నా పక్క సీటు చూసి, "ఆవిడ రాలేదాండీ?" అని అడుగుతాడు. పుట్టింటికి రావడం మానేసిందండీ, అంటాను.