నురగ రాని కుంకుడుకాయలు

ఆ రోజుల్లో నాకు భయాలు తక్కువ. (ఇప్పుడైతే పాప తుమ్మితే ఒక భయం, చాలాసేపు తుమ్మకపోతే ఇంకో భయం.) అప్పుడున్న ఒకే ఒక్క పెద్ద భయం పేరు బీఈడీ. బోటనీతో డిగ్రీ పూర్తిచేసి చేవెళ్లలో ఇంట్లో కూర్చున్న నన్ను టీచర్ని చేయాలని మా బాపు పట్టుబట్టాడు. గదినిండా పిల్లలు, వాళ్ల కారే ముక్కులు, ఒకరి పెన్సిలు ఒకరు లాక్కుని తెచ్చే పంచాయితీలు, వీటన్నిటి మధ్య నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడటం తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి. అందుకే కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్ మేడమ్ పచ్చని నెట్టు కింద ఆర్కిడ్లు పెంచుతోందని, చూసుకోవడానికి మనిషి కావాలంటోందని తెలియగానే మొయినాబాద్ బస్సెక్కి వెళ్లిపోయాను. కొన్నాళ్లు పని చూస్తానంది మేడమ్. కొన్నాళ్లు చూస్తానన్నాడు బాపు కూడా. ఇద్దరూ చూస్తున్నది నన్నే.

ఆ ఏడు వానలు వదలకుండా కొట్టాయి. కుండీల్లోని కొబ్బరి పీచు నాని నాని కుళ్లింది, దాంతోపాటు వేళ్లూ కుళ్లాయి. ఆర్కిడ్‌కు మట్టి అక్కర్లేదు. అడవిలో అది చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది. కుండీలో దానికి మనం పెట్టేది తిండి కాదు, పట్టు. కాస్త తడి, బోలెడంత గాలి ఉంటే చాలు. మేడమ్ చెడిపోయిన మొక్కల్ని ఒక ట్రేలో పెట్టి నా చేతికిచ్చింది. "ఇంక పీచొద్దు, బెరడొద్దు, కుళ్లేదేదీ నాకొద్దు. కుండీల్లో నింపడానికి ఇనార్గానిక్ మీడియా కావాలి. ఏది పెట్టాలో నువ్వే చూడు, బోటనీ చదివినవ్ కదా. ఇవి బతికితే ఉద్యోగం నీది." బతక్కపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు. ఆ సంగతి మా బాపు చెప్పగలడు.

ట్రేతో పాటు షెడ్డులో దొరికిన ప్రతిదీ కాస్త కాస్త ఇంటికి మోసుకొచ్చి, అరుగు మీద స్టీలు ప్లేట్లలో వరసగా పేర్చాను. తెల్లని పూసల్లాంటి పెర్లైట్, కంకర, ఇటుక ముక్కలు, థర్మోకోల్ తునకలు, కాల్చిన మట్టితో చేసిన గోధుమరంగు క్లే బాల్స్. బాపు పేపరు మడిచి చూశాడు. "ఏందివి, పెండ్లిచూపులా?" అన్నాడు. మా అవ్వ కూడా వచ్చి పెర్లైట్ ప్లేటులో వేలు పెట్టింది. (అవ్వకు ఒక కంట్లో పొర వచ్చింది. దవాఖానకు పోదామంటే రెండో కన్ను ఉన్నది కదా అనేది.)

"సాబుదానా మంచిగున్నది. పాయసం చేస్తవా?"

"తినేది కాదవ్వా. నీళ్లు పోస్తే తేలి బయటికి పోతది, ఇది పనికిరాదు."

"మరి గీ రాళ్లు తిని బతుకుతదానే నీ పూలచెట్టు?"

"తినదు. పట్టుకుంటది, అంతే."

"గంతేనా? గట్లయితే గోడకు మొల కొట్టి తగిలియ్యరాదు?"

(నిజానికి కొందరు చెక్కకు కట్టి అలాగే తగిలిస్తారు. ఆ మాట చెప్పి అవ్వను గెలిపించడం ఇష్టంలేక ఊరుకున్నాను.)

కంకర బరువు, ఎండకు కాలుతుంది. ఇటుక రాను రాను పొడి అవుతుంది. థర్మోకోల్ చుక్క తడి పట్టదు, పైగా గాలొస్తే కుండీయే పడిపోతుంది. చివరికి క్లే బాల్స్ నెగ్గాయి. లోపలంతా సన్నని బొక్కలు కాబట్టి కాస్త నీళ్లు దాచుకుంటాయి, గుండ్రంగా ఉంటాయి కాబట్టి మధ్యలో గాలి ఆడుతుంది, కుళ్లనే కుళ్లవు. మేడమ్ దగ్గర ఉన్న సంచి తెచ్చి, ఎర్రదుమ్ము పోయేలా కడిగి, శనివారం పొద్దున మిద్దె మీద అవ్వ పాత చీర పరిచి ఆరబోశాను. చిల్లుల కుండీల కోసం శంకర్‌పల్లి వెళ్లి తిరిగొచ్చేసరికి చీర ఉన్నది, బాల్స్ లేవు.

"అవ్వా, మిద్దె మీద ఆరబోసినవి ఏవి?"

"కుంకుడుకాయలా? పంచిన బిడ్డా. రేపు కోతపండుగ, అందరు తలకు పోసుకొని చర్చికి రావాలె. గన్ని మనకెందుకు?"

"అవి కుంకుడుకాయలు కావే!"

"నేను గదే అనుకుంటున్న," అంది అవ్వ రోకలి పక్కన పెట్టి. "అప్పటి నుంచి దంచుతున్న, పలుగుత లేవు. గింజ గూడ లేదు."

గిన్నె పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. పక్కింటి చిన్నమ్మ పొయ్యి ముందు చెమటలు కక్కుతోంది. "ఉడకబెట్టి ఉడకబెట్టి గ్యాస్ అయిపోవట్టె, నురగ రాదేందే? మీ అవ్వ పెండ్లినాటి కాయలా ఇవి?" ఎదురింటి కుట్టుమిషన్ అక్క అప్పటికే తల తడుపుకుని కూర్చుంది, నుదుటి మీదుగా ఎర్రనీళ్లు కారుతున్నాయి. "రంగొస్తున్నది గాని నురగొస్తలేదు. మెహందీ కలిపిన్రా ఏంది? జర మీ ఇంట్ల షాంపూ ఉంటే తేపో." అలా ఇంటింటికీ తిరిగి, మాటలూ బాల్సూ రెండూ మూటగట్టుకొచ్చాను. తగ్గినచోట పగిలిన గూన పెంకల ముక్కలు అడుగున వేసి చీకటి పడేలోపు మొక్కలన్నీ పాతేశాను. మర్నాడు చర్చిలో మా వీధి ఆడవాళ్లంతా ఒకే వరసలో కూర్చుని అవ్వ వైపు చూశారు. అవ్వ ఆ రోజు చాలా పెద్ద ప్రార్థన చేసింది, కళ్లు తెరవకుండా.

సోమవారం కుండీలు తీసుకుని ఫామ్‌హౌస్‌కు వెళ్లేసరికి మేడమ్ స్నేహితురాలు వచ్చి ఉంది. ఆమెకూ ఆర్కిడ్ల పిచ్చే. మేడమ్ నా కుండీలు చూసి, "పూర్తిగా ఇనార్గానిక్. మా బోటనీ అమ్మాయి చేసింది," అని గర్వంగా చెప్పి ఒకదానిలో చెంబుడు నీళ్లు పోసింది. కుండీ అడుగు నుంచి తెల్లగా, మెత్తగా, అందంగా నురగ వచ్చింది.

"ఇదేంటిది?" అంది స్నేహితురాలు.

"పురుగు రాకుండా, మేడమ్," అన్నాను.

మేడమ్ వేలు పెట్టి కెలికి, ముడతలు పడ్డ ఒక నిజమైన కుంకుడుకాయను బయటికి తీసి వాసన చూసింది. (నురగ రాలేదని ఎవరో తమ ఇంటి కాయలు కలిపి ఉడికించి, వాటితో సహా నాకు తిరిగిచ్చారు.) "ఇది కూడా ఇనార్గానిక్కేనా?" అంది. ఇక దాచేదేముంది, అవ్వ దగ్గర మొదలుపెట్టి కుట్టుమిషన్ అక్క తల దాకా చెప్పేశాను. స్నేహితురాలు బోర్లించిన బకెట్ మీద కూర్చుని మరీ నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. "అన్నీ తియ్యి. కడుగు. మళ్లీ పెట్టు. బతకలేదనుకో, మీ అవ్వకూ నీకూ కలిపి తలస్నానాల దుకాణం పెట్టిస్తా."

ఆ తర్వాత నేను మొక్కల్ని చూసినంత భక్తిగా ఎవరినీ చూడలేదు. ఇంట్లో బాపు బీఈడీ కోచింగ్ ఎక్కడ బాగుంటుందో వాకబు చేస్తున్నాడు. మొక్కలు మాత్రం ఉలకవు, పలకవు. ఒక పొద్దున రెండు బాల్స్ సందులోంచి ఒక వేరు బయటికొచ్చింది, కొసన లేత ఆకుపచ్చ. పక్కనున్న బాల్‌ను చిన్నపిల్ల వేలు పట్టుకున్నట్టు చుట్టుకుని ఉంది. మేడమ్ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, "రేపటి నుంచి టైముకు రా," అంది. అంతే. బస్సులో చేవెళ్ల దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఇప్పుడు గండిపేటలో మా బాల్కనీలో ఒక ఆర్కిడ్ ఉంది, నేను పని మానేసిన రోజు మేడమ్ ఇచ్చింది. అవే బాల్స్. ఈ సాయంత్రం చూస్తే కుండీ సగం ఖాళీ, పాప గుప్పిట్లో బాల్స్. నోట్లో వేలు పెట్టి వెతికాను, నాలుక కింద చూశాను, అవ్వకు ఫోన్ చేసి పాప బాల్స్ తీసిందని చెప్పాను.

"మింగిందా?"

"లేదవ్వా. బొమ్మ తలకు రుద్దుతున్నది."

"నురగొచ్చిందా?"

మా ఇద్దరి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. గదినిండా పిల్లలకు భయపడి మొక్కల దగ్గరికి పారిపోయిన ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని ఇంటింటికీ పరిగెత్తడం కళ్ల ముందు కనిపిస్తోంది. ఆగవే, ముందుముందు ఒక్క పిల్లే ఇంతకు పదింతలు పరిగెత్తిస్తుంది అని చెప్పాలనిపిస్తోంది. చెప్పినా వినేది కాదు. రేపు ఆదివారం, పాపకూ బొమ్మకూ తలంటాలి. అవ్వ పంపిన కుంకుడుకాయలు డబ్బాలో ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఇందాకే ఒకటి పగలగొట్టి చూశాను.

గింజ ఉంది.