తోడికోడలు పోయే క్లినిక్

నెలకోసారి ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కుతాను. అక్కడుండే మా అమ్మను చూసొస్తానని ఇంట్లో చెబుతాను. నిజానికి పోయేది పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే గదికి. వచ్చేటప్పుడు మాత్రల డబ్బా గలగలమనకుండా అందులో పత్తి కుక్కుకుంటాను. ఈ సంగతి మా ఇంట్లో నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ గదిలో నన్ను బాగా చూస్తారు. కౌన్సెలరక్క మిగిలిన మాత్రలు లెక్కపెడుతుంది, చంకలోని మా పాప బరువు రాసుకుంటుంది, నిద్ర పడుతోందా అని అడుగుతుంది. మా తోడికోడలిని అంత శ్రద్ధగా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆమెను చూస్తేనే నాకు కుళ్ళు. ఆమె మా వీధి చివరి క్లినిక్‌కు పోతుంది. బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ పక్కామెకు సీరియల్ కథ చెబుతుంది. ఆ తలుపు తోసినందుకు ఆమెను ఎవరూ తేరిపార చూడరు. ఆమెకు ఏ రోగమైనా ఉండొచ్చు. నేను పోయే గదికి ఒక్క రోగమే.

పోయిన నెల మా పాపకూ ఆమె కొడుకుకూ ఒకేసారి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి.

"జ్వరానికి కూడా మీ అమ్మోళ్ళ ఊరికే పోవల్లనా? రా, ఈడే సూపిద్దాం" అంది తోడికోడలు.

నాకూ ఒక్కసారి ఆ బెంచీ మీద కూర్చోవాలనిపించింది. పోయాను.

"పాపకు ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగాడు. తోడికోడలు నా భుజం పక్కనే నిలబడి ఉంది.

"ఏమీ లేదు సార్" అన్నాను.

మందుల షాపులో సీసా చేతికొచ్చాక పేరు చదివాను. పాపకు నా రోగం లేదని తేలేదాకా ముందుజాగ్రత్తగా రోజూ పొయ్యమని ఆదోనిలో ఇచ్చిన సిరప్పే అది. పేరు చదవకపోయుంటే పది నెలల బిడ్డకు రెండింతలు పోసేదాన్ని.

"ఏమే, అట్ల బిగుసుకపోయినావు? సీసాలో పామేమన్నా ఉండాదా?"

"నువ్వు పోతా ఉండక్కా. సార్‌ను ఒక మాట అడిగొస్తా."

"ఒక్క మాటకు నేను పోయేదెందుకు? ఈడే ఉంటా."

మళ్ళీ డాక్టరు గదిలోకి ఒక్కదాన్నే పాపతో పోయి నా రోగం సంగతి, ఆ సిరప్పు సంగతి చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టి, నన్ను కాక పాపను చూశాడు. ఆ మందు కొట్టేసి ఇంకోటి రాశాడు.

"ఇది ముందే చెప్పాలమ్మా. తగ్గకపోతే ఆదోనిలోనే చూపించు. వాళ్ళకు బాగా తెలుసు."

మంచి మాటే అన్నాడు. కానీ తోడికోడలి కొడుకును మాత్రం మూడు రోజులకు ఇక్కడికే తెమ్మన్నాడు.

పాపకు రెండో రోజే జ్వరం తగ్గింది. మూడో రోజు తోడికోడలు కొడుకును చంకనేసుకొని, "వస్తావా?" అని పిలిచింది. వాడికీ తగ్గిపోయింది, వాకిట్లో ఆడుతున్నవాడినే ఎత్తుకుంది. రానన్నాను. ఆమె క్లినిక్ తలుపు తోసేదాకా గడపలోనే నిలబడి చూశాను.